చండూరులో అన్న మాట, హాలియాలో అన్న మాట

ఎన్నికల్లో నోరు పారేసుకున్న పార్టీకి జనమే బుద్ధి చెబుతారని మనం అలవాటుగా అంటుంటాం. టీవీ చర్చ ముగించేటప్పుడు యాంకర్ అనేది అదే, హోటల్లో చాయ్ డబ్బులిచ్చి లేచేటప్పుడు మనం అనేదీ అదే. వినడానికి బాగానే ఉంటుంది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో 2021 నుంచి వరసగా వచ్చిన ఎన్నికలను దగ్గర్నుంచి చూశాక నాకైతే ఆ మాట మీద నమ్మకం పోయింది. తిట్టిన పార్టీ ఓడిపోతే తిట్టువల్లే ఓడిందంటాం. గెలిస్తే ఆ సంగతే ఎత్తం. ఇంతకీ ఆ తిట్టు దెబ్బ ఎవరికి తగిలింది అని వెనక్కి వెళ్లి చూస్తే, అన్నవాడికి తప్ప మిగతా అందరికీ తగిలినట్టు కనిపిస్తుంది.

హాలియాతో మొదలుపెడతాను. నాగార్జునసాగర్ టీఆర్ఎస్ ఎమ్మెల్యే నోముల నర్సింహయ్య 2020 డిసెంబరు 1న చనిపోయారు. అక్కడ ఉప ఎన్నిక రావాల్సి ఉంది. 2021 ఫిబ్రవరి 10న ముఖ్యమంత్రి కేసీఆర్ వచ్చి ఎత్తిపోతల పథకాలకు శంకుస్థాపన చేసి ఆ నియోజకవర్గంలోని హాలియాలో సభ పెట్టారు. సభలో కొందరు మహిళలు నిరసన తెలిపారు. మైకు ముందున్న ముఖ్యమంత్రి వాళ్లను కుక్కలతో పోల్చారు. నాలుగు గోడల మధ్య కాదు. వేల మంది ముందు, టీవీలు లైవు ఇస్తుండగా. కాంగ్రెస్, బీజేపీ రెండూ క్షమాపణ చెప్పాలని డిమాండ్ చేశాయి. ఆ వేదిక మీది నుంచి క్షమాపణ రాలేదు. ఏప్రిల్ 17న పోలింగ్ జరిగింది. ఏడుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన జానారెడ్డిని టీఆర్ఎస్ అభ్యర్థి నోముల భగత్ 18 వేలకు పైగా ఓట్లతో ఓడించారు.

దీనికి సాగర్ ఓటర్లను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. తండ్రిని పోగొట్టుకున్న కొడుకు నిలబడ్డాడు, లిఫ్టులు వస్తాయన్న ఆశ ఉంది, రైతుబంధు పడుతోంది. ఓటు వేసేవాడు ఇవన్నీ చూసుకుంటాడు. ఒక సభలో నలుగురు ఆడవాళ్లను ఏమన్నారన్నది ఆ లెక్కలో చివరికి పోతుంది. నేను చెప్పేదల్లా, ఓటు అనేది తిట్టుకు వేసే శిక్ష కాదని. దానికి వేరే పనులు చాలా ఉన్నాయి. ఆ బాధ్యత ఓటరు నెత్తిన పెట్టి పార్టీలు, ఎన్నికల సంఘం, పత్రికలు అందరూ చేతులు దులుపుకుంటున్నారు.

ఇక మునుగోడు నియోజకవర్గంలోని చండూరు. 2022 ఆగస్టు మొదటి వారం. 2018లో కాంగ్రెస్ టికెట్టు మీద మునుగోడులో గెలిచిన కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి పార్టీని వదులుతున్నానని ప్రకటించారు. ఆ ఊపులోనే కాంగ్రెస్ ఆగస్టు 5న చండూరులో సభ పెట్టింది. వేదిక మీద కాంగ్రెస్ నాయకుడు అద్దంకి దయాకర్ మాట్లాడుతూ రాజగోపాల్ అన్న, అప్పటి భువనగిరి ఎంపీ కోమటిరెడ్డి వెంకట్ రెడ్డి మీద ఒక బూతు వాడారు. వెంకట్ రెడ్డి అప్పటికి కాంగ్రెస్‌లోనే ఉన్నారు. అంటే సొంత పార్టీ సభలో సొంత పార్టీ ఎంపీని తిట్టారన్నమాట. ఆ మాట ఇక్కడ రాయను. కావలసినవాళ్లందరూ అప్పుడే విన్నారు, ఒకటికి పదిసార్లు.

తర్వాత జరిగింది చూడండి. వారం తిరగ్గానే, ఆగస్టు 13న, పీసీసీ అధ్యక్షుడు రేవంత్ రెడ్డి వీడియోలో వెంకట్ రెడ్డికి బేషరతుగా క్షమాపణ చెప్పారు. దయాకర్ అన్న మాటకూ, మరో సందర్భంలో తన నోట వచ్చిన హోంగార్డు ప్రస్తావనకూ కలిపి. దయాకర్ కూడా విడిగా క్షమాపణ చెప్పారు. (ఎవరినైనా తక్కువ చేయడానికి హోంగార్డు అంటే అవమానపడేది హోంగార్డులు కదా. వాళ్లకు ఎవరూ సారీ చెప్పలేదు. ఎండలో క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్ చూసేవాళ్లకు వీడియో చేసేదెవరు?)

ఈ రెండు ఊళ్ల మధ్య దూరం ఎక్కువేం లేదు, రెండూ నల్లగొండ జిల్లావే. క్షమాపణ మాత్రం చండూరుకు వారంలో వచ్చింది, హాలియాకు రాలేదు. చండూరులో తిట్టుతిన్నాయన ఎంపీ. ఆయన చేతిలో కేడరు ఉంది, ఆయన అలిగితే పార్టీకి నష్టం. హాలియాలో తిట్లుతిన్న ఆడవాళ్ల చేతిలో ఏముంది? మన రాజకీయాల్లో క్షమాపణ అనేది తప్పును బట్టి రాదు, ఎదుటివాడి బలాన్ని బట్టి వస్తుంది. అది పశ్చాత్తాపం కాదు, బేరం. బేరమాడడానికి చేతిలో ఏమీ లేనివాడికి బేరం ఎక్కడిది?

పోనీ ఆ బేరమైనా కుదిరిందా అంటే అదీ లేదు. రాజగోపాల్ రెడ్డి రాజీనామాతో వచ్చిన మునుగోడు ఉప ఎన్నికలో ప్రచారానికి వెంకట్ రెడ్డి రాలేదు. నవంబరు 3న పోలింగ్ జరిగితే 93 శాతం మంది ఓటేశారు. టీఆర్ఎస్ అభ్యర్థి కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డికి 97,006 ఓట్లు, బీజేపీ తరఫున దిగిన రాజగోపాల్ రెడ్డికి 86,697. కాంగ్రెస్ అభ్యర్థి పాల్వాయి స్రవంతికి 23,906. సొంత సీటులో కాంగ్రెస్ డిపాజిట్ పోయింది. ఆ ఒక్క మాటవల్లే పోయిందని నేననను. తమ్ముడు అవతలి పార్టీలో నిలబడ్డాక అన్న మనసు పెట్టి ప్రచారం చేస్తారని కాంగ్రెస్‌లో కూడా ఎవరూ అనుకోలేదు. ఆ మాట ఆయనకు బయట నిలబడడానికి దొరికిన మంచి సాకు. సాకు చేతికిచ్చింది మాత్రం పార్టీ వేదికే.

తర్వాత సంగతి మా ఇంటి సంగతి కూడా. మా మేనమామ కొడుకు ఒకాయన మునుగోడు నియోజకవర్గంలో ఒక ఊళ్లో కాంగ్రెస్ మనిషి. పదవి ఏం లేదు, బూత్ దగ్గర కూర్చునే మనిషి. 2022లో రాజగోపాల్ రెడ్డి వెంట వెళ్లిన సొంత తోడల్లుడితో మాటలు మానేశాడు. పార్టీకి ద్రోహం చేసినవాళ్లతో ఒకే బంతిలో కూర్చోనని పెళ్లిలో గొడవపడి, అన్నం తినకుండా లేచి వచ్చాడు. ఏడాది తిరిగేసరికి, 2023 అక్టోబరులో, రాజగోపాల్ రెడ్డి మళ్లీ కాంగ్రెస్‌లోకి వచ్చారు. పార్టీ ఆయనకే టికెట్టు ఇచ్చింది. 40 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. అన్న వెంకట్ రెడ్డి నల్లగొండలో గెలిచి మంత్రి అయ్యారు. దయాకర్‌కు 2023లో తుంగతుర్తి టికెట్టు రాలేదు కానీ 2025 మార్చిలో ఎమ్మెల్సీ అయ్యారు. 2022లో కాంగ్రెస్ తరఫున పోటీ చేసిన స్రవంతి 2023 ఎన్నికల ముందు, అప్పటికి బీఆర్ఎస్‌గా పేరు మారిన టీఆర్ఎస్‌లో చేరారు. అందరూ ఎక్కడో ఒకచోట సర్దుకున్నారు. మా వాడూ, వాడి తోడల్లుడూ మాత్రం ఇప్పటికీ ఎదురుపడితే తల తిప్పుకుంటారు. మొన్న ఎందుకురా ఇంకా అని అడిగితే, "వాళ్లు తిట్టుకున్నరు, కలుసుకున్నరు. మేం తిట్టుకున్నం, గంతే" అన్నాడు.

రాజకీయ పర్యవసానం అని పత్రికలు రాసేది టికెట్టు ఎవరికి పోయింది, షోకాజ్ నోటీసు ఎవరికి వచ్చింది అని. ఈ తోడల్లుళ్ల సంగతి అందులో ఎక్కడా ఉండదు. నాకు తెలిసి ఊళ్లలో మిగిలే పర్యవసానం ఇదే. నాయకుడి నోట వచ్చిన మాట నాలుగో రోజుకు వాట్సాప్ స్టేటస్ అవుతుంది, పదో రోజుకు పంచాయతీ దగ్గర కొట్లాట అవుతుంది. నాయకులకు రాజీ పడడానికి గాంధీభవన్ ఉంది, ఢిల్లీ ఉంది. ఊరి మనుషులకు రాజీ కుదిర్చేవాడు లేడు.

మునుగోడు సంగతి మాట్లాడుతూ పోస్టర్ల గురించి మాట్లాడకపోతే సగమే చెప్పినట్టు. 2022 అక్టోబరు 11న తెల్లారి లేచేసరికి చండూరులో గోడల మీద, షాపుల షట్టర్ల మీద పోస్టర్లు వెలిశాయి. ఫోన్‌పే తెరలాగా చేసి, "కాంట్రాక్ట్ పే" అని పేరు పెట్టి, రాజగోపాల్ రెడ్డికి 18 వేల కోట్ల కాంట్రాక్టు లావాదేవీ పూర్తయిందని రాశారు. ట్రాన్సాక్షన్ ఐడీ, రివార్డుగా 500 కోట్లు, అన్నీ ఉన్నాయి. ఆయన కుటుంబ సంస్థకు వచ్చిన బొగ్గు గనుల కాంట్రాక్టు కోసమే పార్టీ మారారని టీఆర్ఎస్ ఆరోపణ. అది టెండరులో వచ్చింది, పార్టీ మారడానికీ దానికీ సంబంధం లేదని ఆయన వాదన.

పోస్టరు చూసి నవ్వాను. అబద్ధమెందుకు? తెలివైన పోస్టరే. అంతకు ముందు నెలలో బెంగళూరులో బొమ్మై ప్రభుత్వం మీద కాంగ్రెస్ వేసిన "పే సీఎం" పోస్టరుకు ఇది కాపీ అని చూడగానే తెలుస్తుంది. అయినా సరుకుంది. నా గొడవ వెటకారం మీద కాదు. బెంగళూరులో ఆ పోస్టర్లను సిద్ధరామయ్య, డి.కె. శివకుమార్ స్వయంగా గోడకు అంటించారు, పోలీసులు పట్టుకుపోతుంటే వెళ్లారు. ఈ మాట మాది, ఏం చేసుకుంటారో చేసుకోండి అన్నారు. చండూరులో అంటించింది "గుర్తు తెలియని వ్యక్తులు". ఒక నియోజకవర్గమంతా పోలీసులు, చెక్‌పోస్టులు, పరిశీలకులు, టీవీ వ్యాన్లు నిండిపోయి ఉన్నప్పుడు, అడుగుకో నాయకుడు బస చేసిన ఊళ్లో రాత్రికి రాత్రి అన్ని పోస్టర్లు అంటించిన మనుషులు ఎవరికీ గుర్తు తెలియలేదు!

ఇక్కడే నాకు మండుతుంది. నేను కుర్రతనంలో నల్లగొండలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ని. ఎన్నికలొస్తే రాత్రింబవళ్లు కరపత్రాలే. కాగితం చివర సన్నటి అక్షరాల్లో ప్రెస్సు పేరు, ఊరు, వేయించినవాడి పేరు, ఎన్ని కాపీలో ఉండాలి. ఆ లైను లేకుండా ప్రూఫు తీసుకెళితే మా ఓనరు కాగితం మొహాన కొట్టేవాడు. ఆయనకు నీతి ఎక్కువై కాదు, చట్టమంటే భయం. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షను అది. పోస్టరు గానీ కరపత్రం గానీ వేయించేవాడు నేనే వేయిస్తున్నానని సంతకం పెట్టి, తనను ఎరిగిన ఇద్దరితో సాక్షి సంతకాలు పెట్టించి ప్రెస్సుకు ఇవ్వాలి. ప్రెస్సువాడు ఆ డిక్లరేషన్నూ, వేసిన కాగితాన్నీ కలెక్టరుకు పంపాలి. తప్పితే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ రెండు వేలకు ఇప్పుడు ఎవడూ భయపడడు, అది వేరే సంగతి.

ఆ మధ్య పనిమీద ఒక ఫ్లెక్సీ షాపులో గంటసేపు కూర్చోవాల్సి వచ్చింది. మిషను అటూ ఇటూ తిరుగుతూ ఒక మంత్రిగారి చెవిని గీస్తోంది. సిరా వాసనకు కళ్లు మండుతున్నాయి. కింద నేల మీద ఆరబెట్టిన ఫ్లెక్సీకి ఒక పిల్లాడు అంచులు మడిచి రింగులు కొడుతున్నాడు. కంప్యూటర్ ముందున్న కుర్రాడి దగ్గర మూడు పార్టీలకు మూడు ఫోల్డర్లు. ఒక్కో నాయకుడికి దండం పెట్టే ఫొటో, నడిచొచ్చే ఫొటో, చెయ్యి ఊపే ఫొటో కటింగు చేసి పెట్టుకున్నాడు. ఎవరి తల ఎంత సైజులో ఉండాలో, ఎవరు ఎవరికి కుడివైపు ఉండాలో ఆ కుర్రాడికి తెలిసినంత జిల్లా అధ్యక్షులకు కూడా తెలియదేమో. అవతలి పార్టీవాళ్లను ఎగతాళి చేసే ఫ్లెక్సీలు కూడా వేస్తారా అని అడిగాను. "వేస్తమన్నా. పైసలు ముందే తీసుకుంటం" అన్నాడు. మరి షాపు పేరో? నావైపు తిరిగి నవ్వాడు. "బర్త్‌డే ఫ్లెక్సీ మీద మా నంబరు వేస్తం. గసొంటి దాని మీద ఎందుకేస్తమన్నా?"

చూశారా, ఏ కాగితం మీద పేరు ఉండాలని చట్టం అంటుందో దాని మీద తప్ప మిగతా అన్నిటి మీదా పేరుంది. ఆ కుర్రాణ్ని నేను అనను. వాడికి ఆర్డరు వాట్సాప్‌లో వస్తుంది, డబ్బు చేతికి వస్తుంది, తీసుకెళ్లేది ఆటోవాడు. కేసు అంటూ అయితే పట్టుకునేది మాత్రం ఆ షాపునూ ఆటోనే. మాట పుట్టిన చోటుకూ గోడకూ మధ్య ఇంతమంది బీదవాళ్లను నిలబెట్టుకుని, అవసరమైనప్పుడు మాకు సంబంధం లేదనడం ఏ పార్టీకైనా తేలికే.

అదే అక్టోబరులో చౌటుప్పల్ మండలం దండుమల్కాపురంలో ఒక సమాధి వెలిసింది. అప్పటి బీజేపీ జాతీయ అధ్యక్షుడు జేపీ నడ్డా ఫొటో పెట్టి, బతికున్న మనిషికి గొయ్యి కట్టారు. కేంద్ర ఆరోగ్య మంత్రిగా ఉన్నప్పుడు ఇస్తామన్న ఫ్లోరైడ్ పరిశోధన కేంద్రం ఏదీ అన్నది దాని వెనకున్న ప్రశ్న. బీజేపీ మండిపడింది, ఖండనలు వచ్చాయి, దేశమంతా వార్త అయింది. ఎన్నికల్లో ఇది మామూలేనని చాలామంది తేలిగ్గా తీసుకున్నారు. నేను తీసుకోలేకపోయాను. నడ్డాగారి మీద ప్రేమతో కాదు.

మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడ్ అంటే ఏమిటో బయటివాళ్లకు టీవీలో చూపించిన నాలుగు బొమ్మలే తెలుసు. నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమన్నది లెక్క. అక్కడి బోర్లలో ఎన్నో ఏళ్లు అంతకు చాలా ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లే జనం తాగారు. ముందు పళ్ల మీద గార పడుతుంది. తర్వాత కీళ్లు బిగుసుకుంటాయి, నడుము వంగుతుంది. ఒకసారి వంగిన ఎముక మంచినీళ్లు తాగించినంత మాత్రాన తిరిగి నిలబడదు. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా "నల్లగొండ టెక్నిక్" అనే పేరుంది. జబ్బు పేరుతో, దాని మందు పేరుతో పుస్తకాలకెక్కిన జిల్లా మాది. 2015 జూన్ 8న మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరణకు చౌటుప్పల్‌ను ఎంచుకున్నదీ ఈ చరిత్ర వల్లే. ఆ తర్వాత కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి. పిల్లల పళ్లు బాగుపడ్డాయని ఊళ్లో తల్లులే చెబుతారు. అది మంచి పని, ఎవరు చేసినా మంచి పనే.

కాబట్టి పరిశోధన కేంద్రం ఏదని అడగడం న్యాయమైన ప్రశ్న. గట్టిగా అడగాల్సిన ప్రశ్న. ఇప్పటికే వంకర్లు తిరిగిన కాళ్లతో బతుకుతున్నవాళ్లకు ఆపరేషన్లు ఎక్కడ చేస్తారు, పింఛను ఎంతిస్తారు, వాళ్లను చూసుకునే ముసలి తల్లిదండ్రులు పోయాక ఎవరు చూస్తారు, డిండి ఎత్తిపోతల కింద శివన్నగూడెం, కిష్టరాంపల్లి రిజర్వాయర్లు ఎప్పటికి నిండుతాయి? ఇవన్నీ ఆ ఉప ఎన్నికలో మైకు పట్టుకున్న ప్రతివాణ్నీ నిలబెట్టి అడగాల్సినవి. సమాధి కట్టాక చర్చంతా సమాధి మీదికి మళ్లింది. బతికున్న మనిషికి గోరీ కట్టడం సంస్కారమా అని ఒకరు, మరి మీరు చేసిన మోసం సంస్కారమా అని ఇంకొకరు. పరిశోధన కేంద్రం ఎవరికీ గుర్తురాలేదు. దీంట్లో నష్టపోయింది నడ్డా కాదు. ఆయన ఢిల్లీలో ఉన్నారు, ఆయన పార్టీకి రెండు రోజులు సానుభూతి కూడా దొరికింది. నిలదీయాల్సిన పార్టీని జాలిపడాల్సిన పార్టీగా మార్చిపెట్టిన ఘనత ఆ గొయ్యి తవ్వినవాళ్లది. ఫ్లోరైడ్ బాధితులు ఉన్న ఊళ్ల పక్కన చావును ప్రచార సామగ్రిగా వాడడం ఎంత మొరటుతనమో కూడా వాళ్లకు తట్టలేదు.

ఎన్నికల సంఘం ఏం చేస్తోందని అడుగుతారు. చేస్తోంది, దాని పద్ధతిలో. అదే మునుగోడులో, టీఆర్ఎస్‌కు ఓటెయ్యకపోతే పథకాలు ఆగుతాయన్న అర్థంలో మాట్లాడినందుకు మంత్రి జగదీశ్ రెడ్డిని అక్టోబరు 29 సాయంత్రం నుంచి 48 గంటలు ప్రచారం చేయకుండా ఆపింది. నాలుగైదు రోజుల్లో చర్య తీసుకుంది కాబట్టి అది కొంత నయం. కేసీఆర్ 2024 ఏప్రిల్ 5న సిరిసిల్లలో కాంగ్రెస్ నాయకుల మీద వాడిన మాటలకు నిషేధం పడింది మే 1 రాత్రి. అంటే 26 రోజులకు. అప్పటికి ఆ మాటలు అందరూ మరిచిపోయి, నిషేధం వల్లే మళ్లీ గుర్తుచేసుకున్నారు. ఇంకోటి ఉంది, అది తిట్టు కాదు, గొప్పలకు పోవడం. 2023 నవంబరులో రైతుబంధు వేయడానికి ఎన్నికల సంఘం అనుమతి ఇచ్చింది. సోమవారం పొద్దున చాయ్, టిఫిను పూర్తయ్యేలోపు డబ్బులు టింగుమని పడతాయన్న ధోరణిలో మంత్రి హరీశ్ రావు సభలో ప్రకటించారు. నవంబరు 27న అనుమతి వెనక్కి తీసుకున్నారు. మాట్లాడింది మంత్రి, ఆగింది యాసంగి నారు పోసుకుంటున్న రైతు ఎకరా ఐదు వేలు. సంఘం చేసింది నియమం ప్రకారం సరైనదే కావచ్చు. శిక్ష పడ్డ చోటు చూస్తే నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి.

దీనికంతటికీ మా నాయకుల దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. "మాది తెలంగాణ భాష. మా పల్లెల్లో ఇట్లనే మాట్లాడతరు" అంటారు. పార్టీ ఏదైనా జవాబు ఒకటే. దీనికి మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. మా ఊళ్లలో మాట మొరటుగా ఉంటుంది, నిజమే. మా నాయనమ్మ తిట్లు వింటే ఈ నాయకులు నోటుబుక్కు తీసి రాసుకునేవాళ్లు. అయితే ఆమె తిట్టేది ఎదురుగా నిలబడి, పేరు పెట్టి, తనకంటే బలమున్నవాణ్ని. నీళ్లు మళ్లించుకున్న పెద్ద రైతును తిట్టేది, పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాణ్ని తిట్టేది. జీపు మీద మైకు పెట్టుకుని, చుట్టూ పోలీసులను నిలబెట్టుకుని, కింద అరుస్తున్న ఆడకూలీని తిట్టడం ఏ పల్లె అలవాటు? ఏళ్ల తరబడి సినిమాల్లో ఈ యాసను రౌడీలకూ పనివాళ్లకూ పెట్టి ఎగతాళి చేశారని కొట్లాడి, ఉద్యమం చేసి, రాష్ట్రం తెచ్చుకున్నాం. ఇప్పుడు సొంత నాయకులే బూతుకు దాన్ని అడ్డం పెట్టుకుంటున్నారు. పాలమూరు వలస కూలీ బొంబాయిలో యాభై ఏళ్లు ఇదే భాష మాట్లాడి పరువుగా బతికాడు.

అలాగని ఎన్నికలంటే పూజ గదిలా ఉండాలని కోరేవాణ్ని కాదు. వెటకారం లేని రాజకీయం ఉప్పు లేని పప్పు. కేసులు పెట్టి నోళ్లు మూయించడం అంతకంటే ప్రమాదం. అధికారంలో ఉన్నవాడికి ప్రతి వెటకారమూ బూతులాగే వినిపిస్తుంది, పోస్టు పెట్టిన కుర్రాళ్ల ఇంటికి తెల్లారుజామున పోలీసులు వస్తారు. పార్టీలు మారినా ఆ అలవాటు మారడం లేదు. నాకు కొత్త చట్టాలు అక్కర్లేదు. గోడల మీద అసభ్యమైన, అభ్యంతరకరమైన పోస్టర్లు వద్దనే చట్టం 1997 నుంచే ఉంది, అది ఎవరికీ పట్టలేదు. అభ్యంతరకరం అంటే ఏమిటో ఎవరు తేలుస్తారు? స్టేషన్లో ఎస్సై తేలుస్తాడు. వద్దు.

నేను అడిగేది చిన్నది. ఏమైనా అనండి, కింద పేరు పెట్టండి. పోస్టరుకు, ఫ్లెక్సీకి, వాట్సాప్‌లో తిప్పే వీడియోకు, డీజే బండి మీద వేసే పాటకు, అన్నిటికీ. ఇది మా పార్టీ వేయించింది, ఫలానా మనిషి బాధ్యుడు అని. 2023లో టీవీ ప్రకటనలకు ముందే సర్టిఫికెట్ తీసుకోవాలన్న నియమం ఉన్నా, అనుమతి ఒకదానికి తీసుకుని మరోరకంగా వాడుతున్నారని కాంగ్రెస్, బీజేపీ, బీఆర్ఎస్ మూడింటి ప్రకటనలకూ అనుమతులు రద్దు చేయాల్సి వచ్చింది. ముగ్గురూ ముగ్గురే. అయినా టీవీ ప్రకటన విషయంలో ఎవరిని పిలిచి అడగాలో సంఘానికి తెలుసు. చండూరు గోడల విషయంలో ఎవరిని అడగాలో తెలియదు, లేదా తెలుసుకోవాలని లేదు. పేరుంటే మాట వాడి దగ్గరికి తిరిగి వెళుతుంది. రాజగోపాల్ రెడ్డి కోర్టుకు వెళ్లాలనుకుంటే వెళతారు. పోస్టరు వేసినవాడు ఆధారం చూపించగలిగితే చూపిస్తాడు, అప్పుడది వెటకారం స్థాయి దాటి నిజమవుతుంది. తోడల్లుడితో గొడవ పెట్టుకునే ముందు మా వాడు కూడా ఒకసారి ఆ పేరు చూసి, ఈయన రేపు ఏ పార్టీలో ఉంటాడో అని ఆలోచిస్తాడు.

ఈసారి ఎన్నికలు వచ్చినప్పుడు మీ చేతిలో కరపత్రం పెడితే ముందు అడుగు భాగం చూడండి. ప్రెస్సు పేరు, వేయించినవాడి పేరు లేకపోతే ఫొటో తీసి సీ-విజిల్ యాప్‌లో పెట్టండి. వంద నిమిషాల్లో చర్య అని ఎన్నికల సంఘమే చెప్పుకుంది, నిలబెట్టుకుంటుందో లేదో చూద్దాం. మీటింగులో నాయకుడు ఎవరినో ఏదో అని మరునాడు ఆ ఎవరో పెద్దమనిషికి సారీ చెబితే, ఆ సభలోనే కింద కూర్చున్న మరెవరిని ఏమన్నాడో కూడా విలేకరులు ఒక ప్రశ్న వేయండి. హాలియాలో ఆరోజు నిరసన తెలిపిన ఆడవాళ్లు ఏం అడగడానికి వచ్చారో, అది వాళ్లకు దక్కిందో లేదో ఒక్క పేపరైనా వెళ్లి రాస్తే నేను మొదటి పేజీ కంటే ముందు అది చదువుతాను.